డ్రైవ్‌వే తారు ఖర్చు లెక్క ఎలా తేల్చుకున్నానంటే

న్యూజెర్సీలో మా డ్రైవ్‌వేకి (రోడ్డు నుంచి ఇంటి దాకా కారు వచ్చే దారి) తారు వేయిద్దామని ముగ్గురిని అడిగితే మూడు రేట్లు చెప్పారు, ఒకదానికొకటి పొంతనే లేదు, టెన్షన్ పట్టుకుంది. ఇక టేపు తీసి నేనే కొలిచాను: 40 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, అంటే 600 చదరపు అడుగులు. 3 అంగుళాల మందానికి 150 ఘనపుటడుగులు, రోలర్ తొక్కిన తారు ఘనపుటడుగుకి సుమారు 145 పౌండ్లు తూగుతుంది కాబట్టి దాదాపు 11 టన్నులు (ఇక్కడి టన్ను 2000 పౌండ్లు). ఈ లెక్క ముందు పెట్టి అడిగితే తేలింది, తక్కువ చెప్పినాయన వేసేది 2 అంగుళాలే, అదీ రోలర్ తొక్కకముందు మందం! పాతది తవ్వి పారేసే ఖర్చు, తారు కింద వేసే కంకర ఆయన రేటు రాసిచ్చిన కాగితంలో అసలు లేనే లేవు. నా మటుకు కంకరే ముఖ్యం, అది గట్టిగా అణగకపోతే పైన ఎంత తారు పోసినా చలికాలంలో నీళ్లు గడ్డకట్టి పగుళ్లొస్తాయి. రోలర్ తర్వాత 3 అంగుళాలు అని, కంకర మందంతో సహా రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాను.