పాత అల్యూమినియం పడవ: బాగుచేయించాలా, మార్పించాలా? వానలకు ముందు తేల్చుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానకాలం ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. వాయుగుండాలు, ఏటి వరదలు, చెరువు గట్లు తెగడం ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకే జరుగుతాయి. 2015లోనూ 2021లోనూ నెల్లూరు జిల్లాను ముంచిన వరదలు నవంబరులో వచ్చినవే. ఆ రోజుల్లో రొయ్యల చెరువుల దగ్గర, పులికాట్ అంచు పల్లెల్లో, బకింగ్‌హామ్ కాలువ పక్కన చిన్న పడవకు ఒక్కసారిగా పని పెరుగుతుంది, అంతవరకు షెడ్డు వెనుక బోర్లా పడి ఉన్న పాత అల్యూమినియం పడవను హడావిడిగా నీళ్లలోకి దించుతారు. దానిని పాత రూపంలోనే బాగుచేయించాలా, అవసరానికి తగ్గట్టు మార్పించాలా అన్నది వేసవిలోనే నిర్ణయించుకోవాలి. పని దసరా నాటికి పూర్తయ్యేలా లేకపోతే ఆ ఏడాదికి పడవను ఒడ్డునే ఉంచడం మేలు.

మన తీరంలో ఫైబర్ పడవలదే రాజ్యం. అల్యూమినియం పడవలు తక్కువ. ఉన్నవి కూడా చాలావరకు ఎక్కడో వాడి వదిలేసి, చేతులు మారి వచ్చినవే. కాబట్టి ఈ లోహం తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టం, ఇనుముకూ ఫైబరుకూ చేసే వైద్యమే దీనికీ చేసేస్తుంటారు. ఇనుము చెడిపోతే ఎర్రగా బయటపడుతుంది. అల్యూమినియం పైకి బాగానే కనిపిస్తూ, ఒక బోల్టు చుట్టూనో తడి చెక్క కిందనో సన్నని గుంటలు పడి, అవి చిల్లులయ్యేదాకా చెప్పదు. అందుకే నా అభిప్రాయంలో మొదటి ఏడాది ఏ మార్పూ తలపెట్టకుండా, పడవను తయారైన నాటి బలానికి తెచ్చి, ఒక కాలమంతా నడిపి చూసుకున్నాకే దాని రూపం మార్చే మాట ఆలోచించాలి. దీనికి ఒక్క మినహాయింపు ఉంది: ఇంతకు ముందటి యజమాని అడ్డదిడ్డంగా చేయించిన మార్పులు ఏవైనా ఉంటే వాటిని ముందే తీసేయించాలి.

అన్నిటికన్నా ముందు పడవ ఏ నీళ్లలో తిరగబోతోందో తేల్చుకోవాలి. అడుగు చదునుగా ఉండే చిన్న అల్యూమినియం పడవ నిలకడ నీటికి చేసినది. రొయ్యల చెరువులో మేత చల్లడానికో, కాలువ దాటడానికో అది సరిపోతుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో అలలను చీల్చుకుని సముద్రంలోకి వెళ్లే పనికి దానిని ఎంత మార్పించినా పనికిరాదు. పక్కల ఎత్తు పెంచినంత మాత్రాన అడుగు ఆకారం మారదు. పులికాట్ లోతు తక్కువ కనుక అక్కడ పడవ అడుగు ఇసుకకూ గుల్లలకూ రాచుకుని పలచబడుతుంది. ఉప్పునీటిలో వాడిన పడవకూ, మంచినీటి జలాశయంలో వాడిన పడవకూ ఒకే వయసున్నా ఒకే ఆరోగ్యం ఉండదు కాబట్టి, కొనే ముందు అది ఎక్కడ పనిచేసిందో అడిగి తెలుసుకోవాలి.

ఇక పరీక్ష. పడవలోని నేల చెక్కలు, పరిచిన పట్టాలు, బల్లల కింద కుక్కిన ఫోము అన్నీ తీసేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఫోము తీసేటప్పుడు దానిని చేత్తో ఎత్తి చూడాలి. పాత పాలియురేతేన్ ఫోము ఏళ్ల తరబడి నీటిని పీల్చుకుని రాయిలా బరువెక్కి ఉంటుంది. అది పడవను తేల్చకపోగా కిందికి లాగుతుంది, లోపలి రేకును నిరంతరం తడిగా ఉంచి తినేయిస్తుంది. నేల చెక్కల కింద తెల్లటి పొడి (అల్యూమినియం చివికిన గుర్తు) కనిపిస్తే దానిని గీకి, కింద గుంట ఎంత లోతుందో చూడాలి. చిన్న రివెట్ పడవల (రేకులను తలలు నలగ్గొట్టిన మేకులతో కలిపినవి) రేకు మందం తరచుగా 2 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది కనుక అర మిల్లీమీటరు గుంట కూడా చిన్న విషయం కాదు. అనుమానం ఉన్నచోట అల్ట్రాసోనిక్ మందం కొలిచే పరికరంతో కొలిపించడం మంచిది. పెద్ద ఫ్యాబ్రికేషన్ పని చేసేవారి దగ్గర అది దొరుకుతుంది.

రివెట్ల సంగతి నీటితోనే తేలుతుంది. పడవను నేలమీద, అడుగు పట్టీలన్నిటికీ ఆధారం తగిలేలా దుంగల మీద నిలబెట్టి, లోపల కొద్దిగా నీరు పోసి బయట ఎక్కడ చెమ్మ వస్తుందో గుర్తు పెట్టాలి. ఆశపడి నిండా పోయకూడదు. 12 అడుగుల పడవలో 4 అంగుళాల నీరంటేనే 400 కిలోల దాకా ఉంటుంది, ఆధారం సరిగా లేకపోతే ఆ బరువుకే అడుగు వంగిపోతుంది. గుర్తులు మార్కరుతో పెట్టాలి గాని పెన్సిలుతో వద్దు. పెన్సిలులోని గ్రాఫైటు తడి తగిలితే అల్యూమినియాన్ని తింటుంది. వదులైన రివెట్టును లోపలివైపు బరువైన ఇనుప దిమ్మ ఆనించి, బయటి నుంచి కొట్టి బిగించవచ్చు. తల అరిగిపోయినదాన్ని తీసి అదే లోహపు రివెట్టు వేయాలి. కిటికీలకు వాడే మామూలు పాప్ రివెట్టు నడుమ బోలుగా ఉంటుంది కాబట్టి నీటిమట్టం కింద అది అస్సలు పనికిరాదు.

ఇంజను బిగించే వెనుక పలకను ప్రత్యేకంగా చూడాలి. రేకుల మధ్య ప్లైవుడ్ ఉంటే దానిని సుత్తితో తట్టి, మొద్దు శబ్దం వచ్చినచోట పాత మర విప్పి చూడాలి. రంధ్రంలోంచి తడి పొట్టు వస్తే చెక్క చివికిపోయినట్టే. అలాంటి పలకకు ఇంజను బిగిస్తే, అది ఊడి నీళ్లలో పడే ముందు పడవ వెనుక భాగాన్ని చీల్చుకుపోతుంది. కొత్త చెక్కకు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, అంచులకూ రంధ్రాల లోపలికీ ఎపాక్సీ జిగురు పట్టించాలి. చెదలు పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన కలపను చవకగా వస్తోందని వాడితే, అందులోని రాగి తడితో కలిసి రేకును గుల్ల చేస్తుంది.

ఇదంతా చూశాక లెక్క సులువవుతుంది. లోపం రివెట్లకో, వెనుక చెక్కకో, ఫోముకో పరిమితమైతే బాగుచేయించుకోవచ్చు. అడుగు రేకు విశాలంగా పలచబడినా, పక్కలను నిలబెట్టే పట్టీలు ఒకటికి మించి పగిలినా, పగుళ్ల మీద ఎం-సీల్ వంటి ముద్దలు పూసి రంగు వేసి ఉన్నా, దానిని పాత సామాను ధరకు అమ్మేయడమే వివేకం. అలాంటి పడవకు మార్పులు చేయించడం నష్టమే.

మన ప్రాంతంలో ఈ పడవలకు అసలు శత్రువు సముద్రపు ఉప్పు కన్నా చెరువు గట్టు మీది బస్తాలే. రొయ్యల చెరువు సిద్ధం చేసేటప్పుడు సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. నాచుకూ నత్తలకూ కొందరు మైలుతుత్తం వాడతారు. సున్నం క్షారం, అది అల్యూమినియం మీది రక్షణ పొరను కరిగిస్తుంది. మైలుతుత్తంలోని రాగి రేకు మీద పేరుకుని, పేరుకున్న ప్రతి చోటా గుంట తవ్వుతుంది. పడవలో ఈ బస్తాలు మోయక తప్పకపోతే వాటిని ప్లాస్టిక్ తొట్లలో పెట్టి, అదే రోజు మంచినీటితో పడవను కడగాలి. కడగడానికి కాస్టిక్ సోడా వాడకూడదు. అది అల్యూమినియాన్ని కరిగించడమే గాక హైడ్రోజన్ వాయువును కూడా విడుదల చేస్తుంది. వలల సీసపు గుళ్లను తడి పడవలో రోజుల తరబడి వదిలేయడం, పడవను కొత్తగా పోసిన సిమెంటు నేల మీద బోర్లించడం కూడా హానికరమే. ఇత్తడి మరలు, రాగి పైపులు, రాగి కలిసిన అడుగు రంగులు ఈ పడవకు దూరంగా ఉండాలి. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడక తప్పదు గాని, వాటి కింద నైలాన్ వాషరు, మరలకు సీలంటు (నీరు చొరకుండా పూసే జిగురు) తప్పనిసరి. రక్షణగా బిగించే ఆనోడు ముక్క (పడవ రేకుకు బదులు తాను తినబడే లోహం) ఉప్పునీటికి జింకుదో అల్యూమినియందో అయి ఉండాలి. మెగ్నీషియం ముక్క మంచినీటికి మాత్రమే.

వెల్డింగ్ విషయంలో తొందరపడకూడదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, దాని మీది ఆక్సైడు పొర 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. పైగా ఈ లోహం కరిగే ముందు ఎర్రబడదు, ఒక్కసారిగా జారిపోయి చిల్లు పడుతుంది. ట్రాలీలకూ గేట్లకూ అతుకులు వేసే మామూలు వెల్డింగ్ దీనికి సరిపోదు; ఆర్గాన్ వాయువు కమ్మించి వెల్డింగ్ చేసేవారు కావాలి, వారు ఇంతకుముందు పలచని అల్యూమినియం రేకు మీద చేసిన పని చూడాలి. 5083 వంటి మెగ్నీషియం ఎక్కువున్న మిశ్రమానికి 5356 రకం వెల్డింగ్ తీగ సరిపడుతుంది. బజారులో తేలికగా దొరికే 4043 తీగతో అతికితే ఆ అతుకు పెళుసవుతుంది. 6061 రకం అల్యూమినియం పట్టీలు అతుకు పక్కన చాలా బలం కోల్పోతాయి. పలచని రివెట్ పడవకైతే నేను వెల్డింగ్ కన్నా లోపలి నుంచి అతుకు రేకు వేసి, సీలంటు పూసి రివెట్లు కొట్టడాన్నే ఇష్టపడతాను. ఏ పద్ధతిలో చేసినా వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, ఫోము బయటకు తీయాలి. పాలియురేతేన్ కాలితే వచ్చే పొగలో ప్రాణాంతక వాయువులుంటాయి. మూసిన గదిలో ఆర్గాన్ కమ్మితే ఊపిరాడదు.

పాత రంగును పొడిగా అరగదీయడం కూడా ప్రమాదమే, అందులో సీసం ఉండవచ్చు. తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ముఖానికి మాస్కు కట్టుకోవాలి. ఇనుప బ్రష్షు వాడితే ఇనుప రజను రేకులో నాటుకుని తర్వాత మచ్చలు తేలుతాయి.

మార్పుల్లో అందరూ ముందు అడిగేది పైకి ఎత్తిన నేల, కుర్చీలు, పెద్ద ఇంజను. నేల ఒక అడుగు ఎత్తు పెరిగితే మనుషుల బరువంతా అంత పైకి చేరుతుంది, పడవ తేలికగా ఒరుగుతుంది. నేల కింద నీరు చేరితే అది ఒకవైపుకు పరుగెత్తి ఆ ఒరుగును ఇంకా పెంచుతుంది. అడ్డంగా ఉండే బల్లలు కూర్చోవడానికే అనుకుని కోసేయిస్తారు; నిజానికి రెండు పక్కలనూ విడిపోకుండా పట్టి ఉంచేవి అవే. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు అదే శక్తి ఉన్న పాత టూ స్ట్రోక్ వాటికన్నా సాధారణంగా బరువు, కాబట్టి హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే చాలదు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వెళ్లినవారు. ఆ పడవకు అనుమతి లేదనీ, మోయగలిగినదాని కన్నా ఎక్కువ మందిని ఎక్కించారనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. కుర్చీలు పెంచితే ఎక్కేవారూ పెరుగుతారు. పడవ మోసే బరువు మాత్రం పెరగదు.

తీసేసిన ఫోముకు బదులు కొత్తది పెట్టకుండా పడవను నడపకూడదు. 100 కిలోల అల్యూమినియం నీటిలో మునిగితే ఇంకా 63 కిలోల బరువు తూగుతుంది. దానిని తేల్చడానికే 63 లీటర్లకు పైగా తేలే సామగ్రి కావాలి, ఇంజనుకూ బ్యాటరీకీ ఇంకా అదనం. తెల్ల థర్మోకోల్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కనుక వెనుకవైపు దానిని వాడవద్దు. లైట్లకు వైర్లు లాగేటప్పుడు మోటారు సైకిలు పద్ధతిలో పడవ రేకునే ఎర్తుగా వాడకుండా, బ్యాటరీ నుంచి రెండు వైర్లూ లాగించాలి. లేదంటే కారే కరెంటు నెలల్లోనే రేకును తింటుంది.

ఇంజను ఉన్న పడవకు రిజిస్ట్రేషన్ సంగతి మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. పులికాట్‌లో మన వైపు భాగం పక్షుల అభయారణ్యం కనుక అక్కడ అటవీ శాఖ మాట కూడా వినాలి.

పని ముగిశాక తొలి పరీక్ష నడుములోతు నిలకడ నీటిలో, లైఫ్ జాకెట్లతో, ఒడ్డుకు తాడు కట్టి జరగాలి. ఇంజను పెట్టకుండా, మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసి, ఒక్కొక్క బస్తాకూ పక్క అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో రాసుకోవాలి. బస్తాలు తీసేశాక పడవను కావాలనే నీటితో నింపి, మునిగినా తిరగబడకుండా తేలుతోందో లేదో చూడాలి. తర్వాత ఖాళీ చేసి, నీరు వదిలే రంధ్రానికి బిరడా బిగించి, లోపల పొడి గుడ్డతో తుడిచి రాత్రంతా నీటిలోనే కట్టి ఉంచాలి. ఉదయం అడుగున తడి కనిపిస్తే అది రాత్రి కురిసిన మంచు తడా, కారుతోందా అన్నది తుడిచి గంట ఆగితే తెలుస్తుంది; మళ్లీ తడిస్తే ఇంజను బిగించడం మానుకుని, ఆ తడి ఏ రివెట్టు దగ్గర మొదలైందో వెతకాలి.