నడుం నొప్పికి ఉప్పు కాపడం: ఒళ్ళు కాలకుండా పెట్టడం ఎలా?

నాట్లేసి పట్టేసిన నడుముకీ, ధాన్యం బస్తాలు మోసిన భుజాలకీ ఉప్పు కాపడమే పెట్టాలి. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బిగుసుకున్న కండ వదులవుతుంది. వేడినీళ్ళ సంచీ ఉంది కదా అంటారు. అది భుజం వంపులో కుదురుగా నిలవదు, మూత వదులైతే మరిగే నీళ్ళు ఒంటిమీదే. ఉప్పు మూట ఎక్కడ పెడితే అక్కడ ఒదుగుతుంది.

అరకిలో కల్లుప్పు, ఇనప మూకుడు, పాత నూలు పంచె ముక్క చాలు. పాలిస్టర్ గుడ్డ వద్దు, కరిగి చర్మానికి అంటుకుంటుంది. మధ్యస్థం మంట మీద కలుపుతూ వేయించండి. కోనసీమ తేమకి డబ్బాలో ఉప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. చిటపటలు పూర్తిగా ఆగేదాకా దించకండి. చెమ్మ మిగిలితే మూటలోంచి ఆవిరి తన్నుకొచ్చి బొబ్బలెక్కిస్తుంది. దించి రెండు నిమిషాలు ఆగి, గుడ్డ నాలుగు మడతలు వేసి మూట కట్టండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మూటని అరచేత్తో ఇలా తాకి, ‘బానే ఉంది’ అని నడుం మీద పెట్టేస్తారు. కొడవలి పట్టిన చేతికి కాయలు కాసి ఉంటాయి, వేడి సరిగ్గా తెలీదు. పైగా లోపలి వేడి మడతలు దాటి పైకి రావడానికి టైము పడుతుంది. తాకినప్పుడు గోరువెచ్చగా ఉన్న మూటే కాసేపటికి చురుక్కుమంటుంది. అందుకని ముంజేతి లోపలివైపు, మణికట్టు దగ్గర, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆనించి చూడండి. పదో అంకెకి కూడా హాయిగా ఉంటేనే పెట్టండి. ముందు అద్ది తీయండి, అద్ది తీయండి. వేడి కాస్త తగ్గాకే ఆనించి ఉంచండి. మూట మీద పడుకోకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. చర్మం కాస్త గులాబీ రంగు తేలితే సరే, మంట పుడితే వెంటనే తీసేయండి.

షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళకి కాళ్ళకి కాపడం అసలు వద్దు. కాలుతున్నా వాళ్ళకి తెలీదు, ఆ పుండు త్వరగా మానదు. గట్టు మీద జారి బెణికిన మడమకి మొదటి రెండు రోజులు వేడి పెడితే వాపు పెరుగుతుంది. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. పొట్ట కుడివైపు కింద నొప్పీ జ్వరమూ ఉంటే కాపడం పెడుతూ కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆ ఉప్పు చల్లారాక వేరే సీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి. మళ్ళీ కాపడానికి పనికొస్తుంది, కూరల్లోకి మాత్రం వాడొద్దు.