రాతప్రతులు పోల్చి చదవడం – 3వ పాఠం: ఐదింటిలో మూడు తప్పైతే

పోయిన పాఠంలో బైబిలు రాతప్రతుల మధ్య తేడాలు గుర్తుపట్టాం. ఈసారి తప్పు ఎలా పుట్టి ఎలా పాకుతుందో చేత్తో రాసి చూద్దాం. ఒంగోలైనా కావలైనా కందుకూరైనా, ఆదివారం ఆరాధన అయ్యాక ఆరుగురు ఓ గంట కూర్చుంటే చాలు.

ఒకరు యోహాను సువార్త 17:11–19 మూలప్రతిగా రాయాలి. మాటల మధ్య ఎడం వద్దు, చుక్కలూ కామాలూ అంకెలూ వద్దు. వరుసకు పది పన్నెండు అక్షరాలే. తొలినాటి గ్రీకు ప్రతుల్లో మాటలు ఇలాగే కలిసిపోయి ఉంటాయి. వాటికన్ గ్రంథాలయంలో ఉన్న 4వ శతాబ్దపు గ్రీకు బైబిలును వాటికన్ ప్రతి అంటారు; అందులో పేజీకి మూడు ఇరుకు నిలువు వరుసలు. మూలం చూసి ఇద్దరు రాయాలి: 'క', 'ఖ'. తర్వాత మూలాన్ని దాచేయండి. 'క' చూసి 'గ', 'ఘ'. 'ఖ' చూసి 'చ'. పెన్నుతోనే రాయండి, కొట్టివేతలు కనబడాలి.

15వ వచనం దగ్గర జాగ్రత్తగా చూడండి. అక్కడ 'నుండి' రెండుసార్లు వస్తుంది. గ్రీకులోనూ 'ఎక్ తూ' రెండుసార్లుంది. వాటికన్ ప్రతి రాసినాయన మొదటిది రాసి తిరిగి చూసేసరికి చూపు రెండోదాని మీద పడింది. మధ్యలోని 'లోకము', 'కాపాడు' ఎగిరిపోయాయి. దుష్టుని నుండి వారిని తీసుకుపొమ్మని నేను అడగడం లేదు అన్న అర్థం మిగిలింది! ప్రభువు ప్రార్థనే తలకిందులైంది. వేరే ప్రతుల్లో వాక్యం పూర్తిగా ఉంది కాబట్టి ఆ జారుడు ఇట్టే దొరికింది.

ఇప్పుడు 'క'లో ఓ వరుస జారిందనుకోండి. 'గ', 'ఘ' కూడా దాన్నే మోస్తాయి. ఐదింటిలో మూడు తప్పు. చేతులెత్తించి లెక్కేస్తే తప్పే గెలుస్తుంది. నిజానికి అవి ముగ్గురు సాక్షులు కారు, ఒక్కరే. 1 యోహాను 2:23లో జరిగింది ఇదే. వచనంలోని రెండు సగాలూ ఒకే గ్రీకు మాటలతో ముగుస్తాయి. తర్వాతి కాలపు ప్రతుల్లో ఎక్కువవాటిలో రెండో సగం లేదు, పాతవాటిలో ఉంది. గ్రీకు ప్రతులు 5 వేలకు పైగా ఉన్నాయని మన సభల్లో చెప్పి ఊరుకుంటారు. వాటిలో ఎక్కువ 9వ శతాబ్దం తర్వాతివే. మనకు ధైర్యమిచ్చేది ఆ అంకె కాదు, ఒకదాన్ని చూసి ఒకటి రాయని వేర్వేరు శాఖలు ఒకే మాట చెప్పడం.

జారుడు కంటే దిద్దుబాటు ప్రమాదం. జారితే వాక్యం కుంటుతుంది; తెలివైనవాడు దిద్దితే నున్నగా సాగిపోతుంది. మార్కు 1:2లో పాత ప్రతులు 'ప్రవక్తయైన యెషయా' అంటాయి, తర్వాతివి ఎక్కువగా 'ప్రవక్తలు' అంటాయి. అక్కడ ఎత్తి రాసిన మాటల్లో మలాకీ అనే మరో ప్రవక్తవి కూడా ఉన్నాయి. ఏది దేన్నుంచి పుట్టిందో కారణంతో సహా నాలుగు వరుసలు రాసి ఉంచండి. మీ ఆరు కాగితాలూ పారేయొద్దు. వచ్చే పాఠంలో వాటికి వంశవృక్షం గీయాలి.