వారానికొక ఆల్బమ్ - నాలుగవ పాఠం: మాటల కంటే ముందు బేస్

గడచిన మూడు పాఠాలలో రాక్ ఆల్బమ్‌లను తీసుకుని, గిటారును, డ్రమ్స్‌ను, గొంతును విడివిడిగా గుర్తుపట్టడం అభ్యసించాము. ఈ వారం, తాళానికి తగినట్లు మాటలను లయబద్ధంగా పలికే హిప్-హాప్‌ను మొదలుపెడదాము. కొత్తగా హిప్-హాప్ వినేవారిలో చాలామంది మొదటి నిమిషం నుంచే మాటల వెంట పడతారు. ఆ వేగమూ, యాసా, పరిచయం లేని వాడుకలూ అడ్డుపడగానే, ఇది తమకు అందే సంగీతం కాదని వదిలివేస్తారు. వినవలసిన క్రమం దీనికి తలకిందులుగా ఉండాలని నా నిశ్చితాభిప్రాయం. ముందు బేస్‌ను, అంటే పాట అడుగున మోగే మంద్ర స్వరాల వరుసను, తరువాత డ్రమ్స్‌ను, ఆ తరువాత గొంతును పట్టుకోవాలి. మాటల అర్థం చివరికి రావచ్చు.

ఈ వారానికి ఎంచుకున్నది ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే అమెరికన్ హిప్-హాప్ బృందం 1991 సెప్టెంబరులో విడుదల చేసిన 'ది లో ఎండ్ థియరీ'. ఇందులో 14 పాటలు ఉన్నాయి. మొత్తం నిడివి 48 నిమిషాలు. వాద్యాల రద్దీ తక్కువ కావడం వల్ల, ఏ శబ్దం ఎక్కడ ఉందో కొత్త చెవికి కూడా తెలుస్తుంది. అయితే దీనిని ఫోన్ స్పీకర్‌లో వినకండి. నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యమైన డబుల్ బేస్‌లోని అన్నిటికంటే మంద్రమైన తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. అంత కింది స్వరాలను ఆ చిన్న స్పీకర్ దాదాపు వినిపించలేదు కనుక, ఈ ఆల్బమ్‌కు ప్రాణమైన భాగమే మీకు అందకుండా పోతుంది. సాధారణమైన హెడ్‌ఫోన్ చాలు.

మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకుండా, ఏమీ రాసుకోకుండా, ఆల్బమ్‌ను ఒకే విడతలో చివరి వరకు వినండి. అసలు అభ్యాసం రెండవ రోజున మొదలవుతుంది, అదీ మొదటి పాట 'ఎక్స్‌కర్షన్స్' ఒక్కదానితోనే. పాట బేస్‌తో మొదలవుతుంది; దానిపై బృంద సభ్యుడు క్యూ-టిప్ గొంతు అందుకుంటుంది; డ్రమ్స్ మాత్రం కొంత సేపటి తరువాత గానీ ప్రవేశించవు. డ్రమ్స్ వచ్చే ఆ క్షణం వరకే వినండి, ఆపండి, మళ్ళీ మొదటి నుంచి వినండి. రెండు మూడు సార్లు విన్నాక బేస్ వరుసను నోటితో కూనిరాగంగా తీయగలరు. అప్పుడు పాటను ఆపకుండా సాగనిచ్చి, డ్రమ్స్ చేరిన తరువాత కూడా అదే కూనిరాగాన్ని తప్పకుండా కొనసాగించడానికి ప్రయత్నించండి. ఇది చేయగలిగితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

ఇక్కడ ఒక నేపథ్యం తెలియడం అవసరం. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డులు మోగించిన వేడుకను హిప్-హాప్‌కు ఆరంభంగా చెప్పుకుంటారు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ ప్రధానంగా మోగే 'బ్రేక్' అనే భాగానికే నృత్యం చేసేవారు ఎక్కువగా ఉప్పొంగుతున్నారని గమనించిన ఆయన, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రికార్డులను తిప్పి మోగించే రెండు టర్న్‌టేబుల్స్‌పై ఉంచి, ఒకదాని తరువాత ఒకటిగా తిప్పుతూ ఆ భాగాన్ని పొడిగించాడు. 1980ల చివరికి ఇదే పనిని, రికార్డులోని ధ్వని తునకను పట్టి మళ్ళీ మోగించే శాంప్లర్ యంత్రాలు చేయసాగాయి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో పట్టే ధ్వని సుమారు పది సెకన్లు మాత్రమే. ఆ ఇరుకులోనే పాత రికార్డుల తునకలను కోసి, కూర్చి, తిప్పి తిప్పి మోగించేవారు. కాబట్టి హిప్-హాప్‌లో బీట్, అంటే మాటల కింద నడిచే సంగీతం, మాటలకు వెనుక పరచిన తెర కాదు. చరిత్రలోనైనా, పాటలోనైనా మాటల కంటే ముందు పుట్టింది అదే.

మూడవ రోజు ఐదవ పాట 'వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్' వినండి. ఇందులో డబుల్ బేస్ వాయించినది 1960లలో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో ఉన్న రాన్ కార్టర్. రికార్డు నుంచి కోసిన బేస్ తిరిగిన ప్రతిసారీ అదే రూపంతో వస్తుంది. మనిషి వేళ్ళు తీగపై ఉన్నప్పుడు అలా ఉండనక్కరలేదు. 'ఎక్స్‌కర్షన్స్'ను, దీనిని వెంటవెంటనే విని, ఏ పాటలో బేస్ ఏ మాత్రం మారకుండా నడుస్తున్నదో, ఎందులో ఎక్కడెక్కడ దారి మారుతున్నదో రాసుకోండి. నాకు ఈ ఆల్బమ్‌లో అత్యంత ప్రియమైన పోలిక ఇదే. దీనికి ఒక పూట కేటాయించడం ఎక్కువేమీ కాదు.

గొంతుల వైపు వెళ్ళే ముందు తాళం లెక్క తెలియాలి, అది సులభం. తాళంలోని ఒక ఆవృత్తిని బార్ అంటారు; ఒక బార్‌లో నాలుగు దెబ్బలు ఉంటాయి. డ్రమ్స్‌లో పదునుగా మోగే స్నేర్ సాధారణంగా రెండవ, నాలుగవ దెబ్బలపై పడుతుంది. దానిని ఆధారం చేసుకుని వేళ్ళతో లెక్కపెట్టండి. ఒక చరణానికి పదహారు బార్‌లు తరచుగా కనిపించే కొలత. నిమిషానికి 90 దెబ్బల నడకలో అది సుమారు 43 సెకన్లు.

గొంతులకు నాలుగవ, ఐదవ రోజులు ఇవ్వండి. రెండవ పాట 'బగిన్ అవుట్'ను బృందంలోని మరో సభ్యుడు ఫైఫ్ డాగ్ ఆరంభిస్తాడు. అతని గొంతు పదునైనది, ఎగువ స్థాయిది. క్యూ-టిప్‌ది మెత్తగా సాగే గొంతు. ఎవరి వాక్యం స్నేర్ దెబ్బపై ముగుస్తున్నదో, ఎవరిది దానిని దాటి తరువాతి బార్‌లోకి జారుతున్నదో గమనించండి. తొమ్మిదవ పాట 'చెక్ ద రైమ్'లో ఇద్దరూ ప్రశ్న, జవాబుల తీరులో మాట అందించుకుంటారు కనుక, తేడా అక్కడ మరింత స్పష్టంగా తెలుస్తుంది. సాహిత్యాన్ని చేతిలో పెట్టుకుని చదువుతూ వినడం ఆరవ రోజుకు ఉంచండి.

ఏడవ రోజు ఆల్బమ్ మొత్తాన్ని మరొకసారి విని, బేస్ వరుసను కూనిరాగంగా తీయగల పాటలు ఎన్నో గుర్తుపెట్టండి. నాలుగు దాటితే, హిప్-హాప్ కళాకారుడు నాస్ 1994లో విడుదల చేసిన 'ఇల్మాటిక్'తో ఐదవ పాఠానికి రండి. అక్కడ బీట్‌లను పలువురు నిర్మాతలు సమకూర్చారు, వాటన్నిటినీ ప్రధానంగా ఒకే గొంతు నడిపింది. నాలుగు దాటకపోతే ఇదే ఆల్బమ్‌ను మరో వారం వినండి.