ఎన్నికల ప్రకటనను విప్పి చదవడం – 3వ పాఠం: అన్నది, చూపింది, అర్థమైంది

గత పాఠంలో వ్యతిరేక ప్రకటనలను మూడు రకాలుగా విడదీశాం: ఎదుటి అభ్యర్థిని మాత్రమే విమర్శించేవి, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పోల్చేవి, విషయం వదిలేసి మనిషి మీద బురద జల్లేవి. ఆ అభ్యాసంలో తడబడే చోటు రెండో రకమే. పోలిక ఉంది కదా, ఇద్దరి గురించీ చెప్పారు కదా అని దాన్ని తేలిగ్గా వదిలేస్తాం. కానీ ఏ అంశం మీద పోల్చాలో, ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టాలో తేల్చుకున్నది ప్రకటన ఇచ్చినవాళ్లే. అందుకని ఈ పాఠంలోని పద్ధతిని మూడు రకాలకూ వాడాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనల్లో పచ్చి అబద్ధం మీరనుకున్నంత తరచుగా దొరకదు. పెద్ద ప్రచార బృందాల్లో లాయర్లు, పరిశోధకులు వాక్యం వాక్యం చదివి సరేనన్నాకే ప్రకటన బయటికి వస్తుంది. ఒక్కో వాక్యాన్ని విడిగా పట్టుకుంటే నిలబడుతుంది. ఒక వాక్యానికీ, అదే క్షణంలో తెర మీద కనిపించే బొమ్మకీ చూసేవాడు తనంతట తాను ముడి వేసుకుంటాడు. మోసం ఉండేది ఆ ముడిలో. దాన్ని కాగితం మీదికి దించడం ఈ పాఠంలో నేర్చుకుంటాం.

కాగితం, పెన్ను, వీడియోను ఆపి ఆపి చూసుకునే వీలు ఉంటే చాలు. 30 సెకన్ల ప్రకటనకు మొదట్లో ముప్పావుగంట కేటాయించండి. కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేసి పైన ‘అన్నది’, ‘చూపింది’, ‘అర్థమైంది’ అని రాయండి.

ముందు నింపాల్సింది మూడో గడి. ప్రకటనను ఒక్కసారి, మధ్యలో ఆపకుండా, మామూలు ప్రేక్షకుడిలా చూడండి. అయిపోగానే మీకేం అర్థమైందో రెండు మూడు సాదా వాక్యాల్లో రాసేయండి. అంకె ఏదైనా గుర్తుంటే అది దేని లెక్క అని మీకు అనిపించిందో కూడా రాయండి. ఈ గడిని చివరికి వాయిదా వేస్తే పని చెడుతుంది. ఒకసారి విప్పడం మొదలుపెట్టాక ఆ తొలిచూపు మళ్లీ రాదు. వీలైతే ఆ ప్రకటన చూడని మరొకరికి చూపించి, వాళ్ల నోటివెంట వచ్చిన మాటలనే రాసుకోండి. మీ మాటలకన్నా అవే పనికొస్తాయి.

రెండోసారి తెర వైపు చూడకుండా వినండి. వినిపించిన ప్రతి మాటా మొదటి గడిలోకి పోవాలి, ఉన్నది ఉన్నట్టు. ‘చాలామంది’, ‘వందల’, ‘ఆరోపణలున్నాయి’, ‘దాకా’ లాంటి మాటల కింద గీత గీయండి. లాయర్ల చేయి పడిన చోట్లు సాధారణంగా ఇవే.

మూడోసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. తెర మీది అక్షరాలు ఏ సెకనులో వచ్చాయో, ఆ సమయానికి గొంతు ఏ మాట దగ్గర ఉందో రెండో గడిలో రాయాలి. రంగు పోయి నలుపు తెలుపు ఎక్కడ అయింది, కదలిక ఎక్కడ నెమ్మదించింది, అభ్యర్థిది ఎలాంటి ఫొటో వాడారు, కింద సన్నక్షరాల్లో ఏముంది, ఇవన్నీ ఇందులోకే వస్తాయి.

ఇప్పుడు ఒక నిజమైన ప్రకటన మీద చేసి చూద్దాం.

1988 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్, డెమొక్రాట్ అభ్యర్థి మైకేల్ డుకాకిస్. డుకాకిస్ అప్పటికి మాసచూసెట్స్ గవర్నర్. ఖైదీలను కొద్దిరోజులు బయటికి వెళ్లి రానిచ్చే ఫర్లో పథకం ఆ రాష్ట్రంలో ఉండేది. (అక్కడ పెరోల్ అంటే వేరు, శిక్ష ముగియకముందే షరతులతో విడుదల చేయడం. ఫస్ట్ డిగ్రీ హత్య అంటే ముందే అనుకుని చేసిన హత్య.) బుష్ ప్రచార బృందం దాని మీద ‘రివాల్వింగ్ డోర్’ అనే ప్రకటన ఇచ్చింది. అంతా నలుపు తెలుపు. ఖైదీ దుస్తుల్లో మనుషులు వరుసగా తిరుగుడు గేటులోంచి లోపలికి వెళ్లి, అటునుంచి అటే బయటికి వచ్చేస్తుంటారు.

అన్నది: పెరోల్‌కు కూడా అర్హత లేని ఫస్ట్ డిగ్రీ హంతకులకు డుకాకిస్ విధానం వారాంతపు సెలవులిచ్చింది. బయట ఉన్నప్పుడు చాలామంది కిడ్నాప్, అత్యాచారం లాంటి నేరాలు చేశారు. చాలామంది ఇంకా దొరకలేదు.

చూపింది: హంతకుల ప్రస్తావన వెంటే తెర మీద ‘268 మంది తప్పించుకున్నారు’ అన్న అక్షరాలు. ఆ వెంటనే ‘చాలామంది ఇంకా దొరకలేదు’ అని.

అర్థమైంది: 268 మంది హంతకులు పారిపోయారు. వాళ్లలో చాలామంది అత్యాచారాలు చేశారు.

268 అనే అంకె తప్పు కాదు. డుకాకిస్ మొదటి రెండు పదవీకాలాల్లో ఫర్లో మీద వెళ్లి తిరిగిరాని ఖైదీలందరి లెక్క అది. ప్రచార ప్రకటనలను ఏళ్లపాటు పరిశోధించిన క్యాథ్లీన్ హాల్ జేమీసన్ దీన్ని విడదీసి చూపారు: ఆ 268 మందిలో పెరోల్‌కు అర్హత లేని ఫస్ట్ డిగ్రీ హంతకులు నలుగురే. ఆ నలుగురిలో కిడ్నాప్, అత్యాచారం చేసినవాడు ఒక్కడే, విలీ హోర్టన్. గొంతు హంతకుల గురించి చెప్పింది, తెర ఖైదీలందరి గురించి చెప్పింది. ‘268 మంది హంతకులు’ అని ప్రకటన ఎక్కడా అనలేదు. ఆ మాట పుట్టింది మూడో గడిలోనే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ పథకం 1972లో ఫ్రాన్సిస్ సార్జెంట్ అనే రిపబ్లికన్ గవర్నర్ హయాంలో మొదలైంది. ప్రకటనలో ఆ ఊసు లేదు. అయితే ఫస్ట్ డిగ్రీ హంతకులను ఫర్లో నుంచి మినహాయించే బిల్లును 1976లో వీటో చేసింది మాత్రం డుకాకిస్సే. అంటే విమర్శకు ఆధారం ఉంది. అందుకే విప్పడం పూర్తయ్యాక కాగితం అడుగున ‘నిజాయతీ రూపం’ అని రాసి, అదే ఆరోపణను మోసం లేకుండా మీరే ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. దీనికైతే: ‘హంతకులకు ఫర్లో ఆపే బిల్లును డుకాకిస్ వీటో చేశారు. అలా వెళ్లినవాళ్లలో ఒకడు తిరిగిరాక ఘోరమైన నేరం చేశాడు.’ ఇంత తగ్గించినా బలం మిగిలితే, ఓటరు పట్టించుకోవాల్సిన విమర్శ అందులో ఉన్నట్టే. నిజాయతీ రూపంలో ఏమీ మిగలకపోతే అది ఉత్త బురద. ఈ మెట్టు వదిలేసినవాళ్లు కొన్నాళ్లకు ప్రతి వ్యతిరేక ప్రకటననూ అబద్ధమని కొట్టిపారేయడం మొదలుపెడతారు. నా లెక్కన అది అన్నీ నమ్మేయడమంత చెడ్డ అలవాటు. పదవిలో ఉన్నవాడి రికార్డు గురించి ఓటరుకు చెప్పేది చాలాసార్లు ప్రత్యర్థి ఒక్కడే.

హోర్టన్ ఫొటో చూపించిన ప్రకటన ఇది కాదు, చాలామంది కలిపేస్తారు. అది నేషనల్ సెక్యూరిటీ ప్యాక్ అనే బయటి సంస్థ ఇచ్చింది. బుష్ బృందం ప్రకటనలో హోర్టన్ పేరు లేదు. ఎవరి డబ్బుతో ఎవరు ఏం అనగలరన్నది 4వ పాఠం.

మొదటి గడి దాదాపు ఖాళీగా ఉండే ప్రకటనలూ ఉంటాయి. 1964 సెప్టెంబర్ 7న అప్పటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తరఫున ఎన్‌బీసీ టీవీలో వచ్చిన ‘డెయిజీ’ ఒకటి. చిన్నపాప పువ్వు రేకలు తెంపుతూ తప్పుతప్పుగా లెక్కపెడుతుంది. ఆ మీద ఒక మగ గొంతు పది నుంచి కిందికి లెక్కపెడుతుంది. అణుబాంబు పేలుతుంది. ప్రత్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ పేరు అందులో ఎక్కడా లేదు. చూసినవాడికి మాత్రం ‘గోల్డ్‌వాటర్ గెలిస్తే అణుయుద్ధం’ అని అర్థమైంది. అణ్వాయుధాల గురించి ఆయన అప్పటికే అన్న మాటలు జనం చెవిలో ఉన్నాయి కాబట్టి. ఇలాంటివి వచ్చినప్పుడు మూడో గడి పక్కన ‘ముందే తెలిసినది’ అని చిన్న గడి గీసి, ప్రేక్షకుడు ఇంటి నుంచి తెచ్చుకున్న సమాచారం అందులో రాయండి. పరీక్షించాల్సింది దాన్నే. డబ్బిచ్చి వేయించింది ఒక్కసారే అయినా వార్తా కార్యక్రమాలు దాన్ని మళ్లీ మళ్లీ చూపించాయి.

గడులు నిండాక తనిఖీ. అంకెలతో మొదలుపెట్టండి, సులువుగా దొరికేది అక్కడే. ఎంతలో ఎంత? ఎన్నాళ్లలో? దేనితో పోలిస్తే? ఎవరు లెక్కపెట్టారు? 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీ ‘అధిక పన్నులకు 350 సార్లు ఓటేశారు’ అని జార్జ్ డబ్ల్యూ. బుష్ (పైన చెప్పిన బుష్ కొడుకు) పక్షం ప్రచారం చేసింది. నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌చెక్.ఆర్గ్ సైట్ ఆ జాబితా తెరిచి చూస్తే, పన్ను కోతను వ్యతిరేకించిన ఓట్లు, ఉన్న పన్నును ఉన్నట్టే ఉంచమన్న ఓట్లు, చివరికి పన్ను కొంచెం తక్కువగా తగ్గించమన్న ఓట్లు కూడా అందులో ఉన్నాయి. ‘అధిక’ అన్న మాట దగ్గర దేనికన్నా అధికం అని అడిగితే సగం పని అయిపోతుంది. చట్టసభ ఓట్ల లెక్క ఏదైనా సరే, ఒకే బిల్లు మీద జరిగిన పలు ఓటింగులను విడివిడిగా కలిపారేమో చూడండి. పది విషయాలున్న బిల్లును మొత్తంగా వ్యతిరేకిస్తే, అందులోని ఒక మంచి అంశానికి వ్యతిరేకి అని చూపించడం కూడా పాత విద్యే.

తర్వాత కోతపెట్టిన మాటలు. 2011 నవంబర్‌లో, అధ్యక్షుడు ఒబామా మీద పోటీకి దిగిన రిపబ్లికన్ మిట్ రోమ్నీ ఇచ్చిన ప్రకటనలో, ఆర్థిక వ్యవస్థ గురించే మాట్లాడుతూ పోతే మనం ఓడిపోతామని ఒబామా గొంతు వినిపిస్తుంది. గొంతు ఆయనదే, మాటలు ఆయన నోటివే. కానీ 2008 ప్రచారంలో ఆయన చెప్పిన పూర్తి వాక్యం, అప్పటి ప్రత్యర్థి మెకెయిన్ ప్రచార బృందం ఇలా అంది అని మొదలవుతుంది. ఎదుటివాళ్ల మాటను ఎత్తిచూపిస్తే, ముందు భాగం కోసి ఆయన మాటగా మార్చారు. అభ్యర్థి గొంతు ఐదారు సెకన్లు మాత్రమే వినిపిస్తే ఆ మాటలనే వెతికి అసలు ప్రసంగం పట్టుకోండి. ముందు రెండు నిమిషాలు, వెనక రెండు నిమిషాలు వినండి. ‘అన్నారు’, ‘అంటారు’, ‘అనుకుందాం’ లాంటి మాట తెగిపోయి ఉంటే ఆ నాలుగు నిమిషాల్లోనే బయటపడుతుంది.

పత్రిక పేరు, తేదీ వేసి చూపించే శీర్షికల దగ్గర త్వరగా నమ్మేస్తాం. అసలు పేజీ తీసి, అది పత్రిక సొంతంగా తేల్చిన వార్తా, సంపాదకీయమా, బయటివారి వ్యాసమా, లేక ప్రత్యర్థి చేసిన ఆరోపణనే పత్రిక అచ్చువేసిందా అన్నది చూడాలి. చివరిది చాలా తరచుగా జరుగుతుంది. అభ్యర్థి తానే ఆరోపించి, అది అచ్చయ్యాక, పత్రిక చెప్పిందని ప్రకటనలో వేస్తాడు.

రూపం మీద ఎగతాళి ఉంటే రెండో గడిలో రాసి వదిలేయండి, తనిఖీ చేయడానికి అందులో ఏమీ ఉండదు. 1993లో కెనడా ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ, పక్షవాతంతో ముఖం ఒక పక్క వంకరైన ప్రత్యర్థి లిబరల్ పార్టీ నాయకుడు జాన్ క్రెటియెన్ ఫొటోలను దగ్గరగా చూపిస్తూ ప్రకటనలిచ్చి, జనం మండిపడితే వెంటనే ఉపసంహరించుకుంది. 1988లో 169 సీట్లు గెలిచిన ఆ పార్టీకి ఆ ఎన్నికల్లో 2 మిగిలాయి. అంత పతనాన్ని ఒక్క ప్రకటన ఖాతాలో వేయకూడదు, పార్టీ అప్పటికే జారిపోతోంది. అసలు బురద జల్లితే ఓట్లు రాలతాయన్న నమ్మకానికే గట్టి ఆధారం లేదు. 2007లో రిచర్డ్ లావ్, మరో ఇద్దరు పరిశోధకులు 111 అధ్యయనాలను కలిపి చూసి, వ్యతిరేక ప్రచారం మిగతా ప్రచారం కన్నా బాగా పనిచేస్తుందని తేల్చలేమన్నారు.

కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది: మొదటి గడి వాక్యాలు నిజమని తేలగానే ప్రకటన నిజమని తీర్పు రాసేయడం. దీనికి ఉలటా తప్పు, మూడో గడిలో తమ అభిప్రాయం నింపడం. ‘ఈ పార్టీ ఇలాంటివే చేస్తుంది’ అన్నది ప్రకటన వల్ల అర్థమైంది కాదు. మీరు ఇష్టపడే పార్టీ ప్రకటనతో అభ్యాసం మొదలుపెడితే ఈ రెండూ త్వరగా వదులుతాయి.

అభ్యాసం: 30 సెకన్ల వ్యతిరేక ప్రకటనలు మూడు తీసుకోండి. ఒకటి మీకు నచ్చిన పక్షానిది, ఒకటి నచ్చనిది, ఒకటి మీకు సంబంధం లేని దేశానిది. పాత అమెరికా ప్రకటనలకు మ్యూజియం ఆఫ్ ద మూవింగ్ ఇమేజ్ వారి ‘లివింగ్ రూమ్ క్యాండిడేట్’ సైట్‌లో 1952 నుంచి ఉన్నవి చూడొచ్చు. ఇప్పటివాటికి ఫేస్‌బుక్ ప్రకటనలుండే మెటా యాడ్ లైబ్రరీలో అభ్యర్థి పేరో పార్టీ పేరో వెతకండి. మూడింటికీ గడులు నింపి, ఒక్కో అంకెకు నాలుగు ప్రశ్నలూ వేసి, అడుగున నిజాయతీ రూపం రాయండి. ఆ కాగితాలు పారేయొద్దు. డబ్బు ఎవరిదో వెతికే 4వ పాఠంలో వాటి సన్నక్షరాలే కావాలి.