రైలు చప్పుడు తీసెయ్యకండి: పాత బ్యాండ్ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం

తొంభైల్లో బెజవాడ సత్యనారాయణపురంలో, రైలు పట్టాల పక్కన ఒక గదిలో మేం నలుగురం బ్యాండ్ నడిపాం. గిటార్ మీద మాకు వచ్చినవి మూడు కార్డులు (కలిపి మీటే స్వరాల జట్లు). పాట రెండు నిమిషాలు దాటితే మా డ్రమ్మర్‌కి ఆయాసం. దాన్ని పంక్ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. రిహార్సల్స్ అన్నీ టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె) రికార్డు చేసేవాణ్ణి. అలా 23 క్యాసెట్లు మిగిలాయి. మీ దగ్గర ఉన్నవి ఆర్కెస్ట్రావైనా, తాతగారి హరికథవైనా పని ఇదే.

అన్నిటికన్నా ముందు, క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టండి. అవి లేకపోతే రికార్డ్ బటన్ పడదు. నేనిది మర్చిపోయి ప్లే బదులు రికార్డ్ నొక్కాను. మా మొదటి పాట మొదట్లో ఇప్పుడు గిటార్ లేదు, "అయ్యయ్యో" అని నా గొంతు ఉంది.

23లో ఆరు మా డ్రమ్మర్ ఇంట్లో, సింగ్ నగర్‌లో ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు నాలుగు రోజులు మునిగే ఉన్నాయి. వాడు ఫోన్ చేసి, "డాబా మీద ఎండబెట్టానురా" అన్నాడు. "ముందు కిందకి దించరా బాబూ" అన్నాను. తడిసిన క్యాసెట్‌కి ఎండ పనికిరాదు, హెయిర్ డ్రయ్యర్ అసలే పనికిరాదు. బురద ఆరి గట్టిపడితే రీలు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే బురద ఆరకముందే విప్పాలి. చాలావాటికి ఐదు స్క్రూలుంటాయి. రెండు చక్రాలూ రీలుతో సహా మెల్లగా బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి కడగండి. బ్యాటరీ షాపులో దొరికే నీళ్లే అవి. కొనేటప్పుడు యాసిడ్ డబ్బా కాదని ఒకసారి చూసుకోండి. పేపర్ మీద పెట్టి, నీడలో, ఫ్యాన్ గాలికి రెండు మూడు రోజులు వదిలేయండి. ఆరాక స్క్రూలున్న వేరే ఖాళీ డబ్బాలోకి మార్చండి. నాకు దొరికినవి మా అమ్మగారి పాత క్యాసెట్లే. ఐదు పంక్ రిహార్సల్స్ ఇప్పుడు సుప్రభాతం డబ్బాల్లో ఉన్నాయి. ఆరోదానికి బూజు పట్టింది. అలాంటిదాన్ని టేప్ రికార్డర్లో పెట్టొద్దు, ఆ బూజు తర్వాత పెట్టే వాటికీ అంటుకుంటుంది. మా ఆరోది కవర్లో కట్టి పక్కన పెట్టాను.

ఇక మెషిన్. ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి పాట ఈడుస్తుంది. గవర్నర్‌పేటలో ఒక పెద్దాయన నా డెక్‌కి, అంటే క్యాసెట్ ప్లేయర్‌కి, బెల్టు మార్చి పెట్టారు. రీలు తగులుతూ వెళ్లే హెడ్‌ని (పాటను చదివే భాగం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవికి వాడే దూది పుల్లతో తుడవండి. తడి ఆరాకే క్యాసెట్ పెట్టండి.

చాలామంది వదిలేసేది హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ. క్యాసెట్ రికార్డయిన మెషిన్లో హెడ్ ఏ వాలుతో ఉందో, వినే మెషిన్లోనూ అదే వాలు ఉండాలి. లేకపోతే సింబల్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లెం) దుప్పటి కప్పినట్టు మోగుతుంది. పాట నడుస్తుండగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ స్క్రూని వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ తిప్పండి. సింబల్ బాగా గలగలమన్న చోట ఆపండి. "ముందు స్క్రూ ఎక్కడుందో నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టుకో బాబూ" అన్నారు పెద్దాయన. ప్రతి క్యాసెట్‌కీ మళ్లీ తిప్పాల్సిందే. విసుగొస్తుంది, కానీ తేడా అంతా ఇక్కడే ఉంది.

రికార్డింగ్‌కి ముందు క్యాసెట్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి తిప్పితే బిగుసుకున్న రీలు వదులవుతుంది. సీ-90 (తొంభై నిమిషాల క్యాసెట్) రీలు సీ-60 కన్నా పలచన, దాన్ని పెన్సిల్‌తో చేత్తోనే తిప్పాను. డెక్ వెనక లైన్ అవుట్ సాకెట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే చిన్న పెట్టె), అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి. మైక్ సాకెట్లో గుచ్చొద్దు. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఉచితం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే గంటకి దాదాపు 1 జీబీ అవుతుంది. ఆర్కైవులు 96 పెట్టమంటాయి. మా గోలకి 48 చాలనుకున్నాను. పెద్ద చప్పుడు కూడా ఆడాసిటీ మీటర్లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే వెనకాల వచ్చే "గుంయ్" మనే మోత చాలాసార్లు పోతుంది.

తర్వాత నాయిస్ రిడక్షన్ (వెనక చప్పుడు తీసేసే సదుపాయం) జోలికి వెళ్లకండి. వెళ్లినా కాపీ మీదే చేయండి. నేను ఫ్యాన్ చప్పుడు తీయబోతే సింబల్ కూడా పోయింది, దాంతోపాటు రైలూ పోయింది. మా గది పక్కనున్న ఆ పట్టాలు ఇప్పుడు లేవు, వాటి మీద బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. "ఆగండ్రా, బండి వెళ్లనీ" అని మా డ్రమ్మర్ అరవడం, బండి వెళ్లడం, మళ్లీ వన్ టూ త్రీ. దాన్ని తీసేస్తే అది మా టేపే కాదు.

తేదీలు దొరికేదీ ఆ వెనక చప్పుళ్లలోనే. ఒక క్యాసెట్ మీద ఏమీ రాసి లేదు. అందులో పక్కింటి టీవీ కామెంటరీ వినిపిస్తోంది. షార్జాలో ఇసుక తుఫానుకి ఆట ఆగిందంటున్నారు. అంటే 1998 ఏప్రిల్ 22, ఆస్ట్రేలియా మీద సచిన్ 143 కొట్టిన రాత్రి. రెండో వైపు డ్రమ్స్ ఎందుకు లేవో కూడా అప్పుడే అర్థమైంది. ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత క్యాసెట్ నంబరు, ఏ వైపో రాయండి.

మూడు కాపీలు ఉండాలి. నావి ల్యాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, గుంటూరులో మా గిటారిస్టు ఇంట్లో, మూడో అంతస్తులో ఒకటి. అసలు క్యాసెట్లు పారేయొద్దు.

బయటపెట్టాలంటే అందరినీ అడగాలి. వాషింగ్టన్ పంక్ బ్యాండ్ మైనర్ థ్రెట్ 1981లో చేసుకున్న మొదటి డెమో టేపు 2003లో బయటికొచ్చిందని చెప్పి మావాళ్లని ఒప్పించబోయాను. ముగ్గురం సరేనన్నాం. మా సింగర్ మాత్రం గొంతు చీలిన ఒక పాట తీసెయ్యమన్నాడు. "ఇప్పుడు మా అమ్మాయి వింటుందిరా" అన్నాడు. దాన్ని పక్క ఫోల్డర్లో పెట్టాను. చెరపలేదని వాడికి చెప్పలేదు.