రాత్రి ఫోను ఎవరు ఎత్తాలి: రొయ్యల ప్లాంట్లు, ఫీడ్ కంపెనీల మేనేజర్లకు

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంటులో ప్రొడక్షన్ మేనేజర్నయినా, ఫీడ్ కంపెనీ ఏరియా మేనేజర్నయినా ఎక్కువగా నలిపేసేది పని అయిపోయాక మోగే ఫోనే. పైనుంచి ఎండీ గారు, కిందనుంచి సూపర్వైజర్లు, పక్కనుంచి డీలర్లు. పని గంటలు తగ్గించుకోవడం మీ చేతిలో ఉండకపోవచ్చు. ఆ ఫోను ఎవరికి వెళ్లాలన్నది మాత్రం చాలావరకు మీరే తేల్చవచ్చు.

ముందు వారం రోజులు లెక్క రాయండి. సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా వచ్చిన ప్రతి కాల్‌కీ నాలుగు ముక్కలు: ఎన్నింటికి, ఎవరు, దేనికి, మీరు ఎత్తకపోతే ఏమయ్యేది. వాట్సాప్ గ్రూపులో మీ పేరు పెట్టి అడిగినవీ రాయాలి. యాప్‌లు అక్కర్లేదు, జేబులో చిన్న పుస్తకం చాలు. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు ఎక్కువున్న వారాన్నే ఎంచుకోండి, ఖాళీ వారం లెక్క ఎందుకూ పనికిరాదు.

తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి. మొదటిది ప్రాణానికో మాలుకో ముప్పున్నవి: అమ్మోనియా లీకు, పనివాళ్లకు దెబ్బ, కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోవడం, ఐస్ చాలక వ్యాన్‌లో మాలు నిలిచిపోవడం. రెండోది పొద్దున్న చూసుకోగలిగినవి: కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) దగ్గర పేచీ, పీలింగ్‌కి (రొయ్య పొట్టు తీయడానికి) మనుషులు తగ్గడం, బిల్లులు. మూడోది కేవలం మీకు తెలియాలని చెప్పేవి. రాసి చూసుకుంటే మూడో కుప్పే పెద్దదిగా కనబడుతుంది. ఆ కబుర్లన్నీ ఉదయం 7 గంటలకు ఒకే మెసేజ్‌గా పెట్టమనండి.

మొదటి కుప్ప కోసం డ్యూటీ ఫోను పెట్టాలి. కంపెనీ పేరు మీద ఒక సిమ్ము, మామూలు బటన్ ఫోను, వారానికొకరు చొప్పున కనీసం ముగ్గురు సూపర్వైజర్లు. ఇద్దరే ఉంటే ఒకరికి జ్వరం వచ్చిన రోజున ఆ ఫోను మళ్లీ మీ తలగడ కిందకే చేరుతుంది. ఆ నంబరు గేటు దగ్గర, జనరేటర్ గదిలో, ఐస్ ఇచ్చేవాళ్ల దగ్గర అంటించండి.

ఈ ఏర్పాటు చెడిపోవడానికి మొదటి కారణం డబ్బు. అర్ధరాత్రి డీజిల్‌కి, మెకానిక్‌కి, ఐస్‌కి ఖర్చు పెట్టే అధికారం డ్యూటీలో ఉన్నవాడికి లేకపోతే వాడు మీకు ఫోను చేయక ఏం చేస్తాడు? ఐదు వేలో పదివేలో, ఎండీ గారితో మాట్లాడి హద్దు రాయించుకోండి. నోటిమాట చాలదు, తర్వాత ఆడిట్‌లో వాడే ఇరుక్కుంటాడు. రెండో కారణం మీరే: రాత్రి 10 గంటలకు ‘అంతా బాగానే ఉందా’ అని మీరే ఫోను చేస్తే, మీరు మేలుకునే ఉన్నారని వాళ్లకి తెలిసిపోతుంది. డ్యూటీలో ఉన్నవాడు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా, నష్టం పెద్దది కాకపోతే నలుగురిలో తప్పుపట్టకండి. ఒక్కసారి అలా అంటే, మరుసటి రాత్రి నుంచి ప్రతిదీ మిమ్మల్ని అడిగే చేస్తాడు.

ఫీడ్ కంపెనీల్లో చిక్కు ఇంకోలా ఉంటుంది. చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఎందుకంటే రాత్రి నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా వాడుకుంటుంది. అందుకే ‘రొయ్య తేలుతోందండీ’ అన్న కాల్ మూడింటికే వస్తుంది. మేత అరువు మీద ఇచ్చారు కాబట్టి రైతు పంట పోతే మీ వసూళ్లూ పోతాయి, ఫోను ఎత్తక తప్పదనిపిస్తుంది. మొదటి గంటలో చేయాల్సినవి తెలుగులో ఒక కార్డు మీద అచ్చువేయించి రైతులందరికీ ఇవ్వండి: నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వేయడం, పొద్దుటి మేత ఆపడం, ఆక్సిజన్ బిళ్లలు ప్యాకెట్ మీదున్న మోతాదులో చల్లడం, టెక్నీషియన్ నంబరు. మీ నంబరు ఆ కార్డు మీద వద్దు.

ఇక మీ సొంత ఫోను. ఆండ్రాయిడ్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టి ఇంట్లోవాళ్లని, డ్యూటీ నంబరుని స్టార్ చేయండి. ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగే ఏర్పాటు అందులో ఉంటుంది, ఐఫోన్‌లో అయితే 3 నిమిషాలు. ‘నిజంగా తప్పకపోతే వెంటనే రెండోసారి చేయండి’ అని అందరికీ ముందే చెప్పేయండి.

ఎండీ గారు నేరుగా మీకే చేస్తే ఎత్తాల్సిందే, అక్కడ పౌరుషాలు పనిచేయవు. కొత్త పని నెత్తిన పడినప్పుడు మాత్రం ‘కుదరదు’ అనకుండా బేరం పెట్టండి: ‘ఇది ముందు చేస్తే కంటైనర్ పేపర్లు రేపు మధ్యాహ్నానికి వాయిదా పడతాయండీ, ఫర్వాలేదా?’ ఏది ఆగాలో ఆయన నోటితోనే వస్తే, తర్వాత ఆ మాట మీ మీద పడదు.

రాత్రి పిలుపు మీద ప్లాంటుకి వెళ్లినవాళ్లు మర్నాడు మామూలు టైముకి రాకూడదు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో రోజుకి వరసగా 11 గంటల విశ్రాంతి ఉంది, మనమూ ఆ కొలతే పెట్టుకోవచ్చు. మీకూ అదే వర్తిస్తుంది. తెల్లారి డ్యూటీ దిగినప్పుడు రెప్పలు వాలిపోతుంటే బండి తీయకండి. మన దారులు సగం కాలవగట్ల మీదే. ఆఫీసులోనే 20 నిమిషాలు కునుకు తీసి, మత్తు వదిలాక బయలుదేరండి. పడుకునే ముందు ఆరు గంటల్లోపు టీ, కాఫీ వద్దు.

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి 35–40 గంటలవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. బీపీ, షుగరు చూపించుకోవడం సీజన్ అయ్యాక అని వాయిదా వేయకండి. నిద్రపోయినా తీరని నీరసం, పనన్నా మనుషులన్నా వెగటు, ఏం చేసినా చేతకావట్లేదన్న భావన, ఈ మూడూ వారాల తరబడి ఉంటే డాక్టరుతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

సెలవుల్లో పెద్ద తలనొప్పి సంక్రాంతే. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ అందరికీ కావాలి, మీకూ కావాలి. డిసెంబరు మొదటి వారంలోనే జాబితా గోడకి అంటించండి: ఈ ఏడు పండక్కి ఉన్నవాళ్లకి వచ్చే ఏడు మొదటి అవకాశం, పైగా కనుమ తర్వాత వరసగా మూడు రోజులు సెలవు. మీ పేరూ అదే వరసలో ఉండాలి. ప్రతి ఏడూ మీరే ఉండిపోతే మంచివారంటారు గానీ, మీరు లేకుండా ప్లాంటు నడపడం ఎవరికీ రాదు. వెళ్లేముందు ఒకే ఒక్క పేజీ ఇవ్వండి: ఆ మూడు రోజుల్లో రావాల్సిన మాలు, వెళ్లాల్సిన లోడు, ఏది జరిగితే ఎవరికి చేయాలి.